మెడ మీది మట్టి

"గట్టి పీచు ఉంటే ఇవ్వు. మెత్తటివి వద్దు."

చాంద్‌బీ కూతురిని నీళ్ళ తొట్టి పక్కన కూర్చోబెట్టి మెడ రుద్దుతోంది. నజ్మీన్‌కి పదకొండేళ్ళు. రుద్ది రుద్ది తోలు ఎర్రబడింది గానీ, మెడ వెనక నలుపు మాత్రం వదలడం లేదు.

బీరపీచుల గంప దించిన మనిషి ఆ ఊరికి కొత్త. బక్కపలచగా ఉంది.

"పీచు దేనికమ్మాయ్?"

"కనబడట్లా? దీని మెడకి. మట్టి పట్టేసింది."

ఆమె వంగి మెడ చూసింది. పిల్ల చెయ్యెత్తి చంక కూడా చూసింది. మొహం మారిపోయింది.

"ఇది మట్టి కాదు. దీనికి నేను పీచు అమ్మను."

అమ్ముకోడానికి వచ్చి అమ్మననడం ఏమిటో చాంద్‌బీకి అర్థం కాలేదు.

"నీళ్ళు బాగా తాగుతోందా? ఒంటేలుకి మాటిమాటికీ లేస్తోందా?"

"ఎండలు ముదిరినయ్, తాగదా మరి?"

"పొద్దున ఏం తింటుంది? ఆడుకోడానికి పోద్దా?"

చాంద్‌బీ పిల్ల మెడ మీద ఇంకో చెంబు నీళ్ళు పోసింది. ఏం చెప్తుంది? మిరపకాయల తొడాలు తీసే షెడ్డుకి ఏడింటికల్లా చేరాలి. భర్త షబ్బీర్ అంతకుముందే మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే పనికి వెళ్ళిపోతాడు. పిల్ల చేతిలో చిప్స్ ప్యాకెట్టు, కూల్‌డ్రింకు పెట్టి పోవడమే. బడి నుంచి వచ్చాక లోపల గడియ పెట్టుకుని టీవీ చూస్తుంది. ఊళ్ళో ఉన్న ఒక్క ఖాళీ జాగాలో మిరపకాయలు ఆరబోశారు. ఇటు చూస్తే లారీల రోడ్డు. ఆడపిల్లని ఎక్కడికని వదులుతుంది?

"పిల్లకి ఒళ్ళెక్కువుంది తల్లీ. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించు. ఆలస్యం చెయ్యొద్దు."

చాంద్‌బీకి ఒళ్ళు మండింది. తను గంజి తాగి పెరిగింది. కూతురి బుగ్గలు చూసినప్పుడల్లా, ఆకలి మన గడప దిగిపోయిందిలే అని సంబరపడేది. సరిగ్గా ఆ బుగ్గల మీదే పడ్డాయి ఈవిడ కళ్ళు.

"నా పిల్లని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకోకు. నడువు ముందు."

ఆమె గంప ఎత్తుకుని వెళ్ళింది. రెండు సార్లు వెనక్కి తిరిగి చూసింది.

రెండో రోజుకే నజ్మీన్ నీరసంగా ఉందంటూ బడి మానేసింది.

"పీచులది చూసిన చూపే ఇది," అంది పక్కింటి వెంకటరావమ్మ. "దిష్టి తియ్యవే."

ఉప్పు, ఎండుమిరపకాయలు పిల్ల చుట్టూ మూడు సార్లు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదు. ఒక్కరూ దగ్గలేదు.

"చూశావా? ఎంత దిష్టి ఉంటే ఘాటు చచ్చిపోద్ది?"

పొద్దస్తమానం మిరపకాయల కుప్పల్లో కూర్చునే ముక్కులకి గుప్పెడు కాయల ఘాటు ఏం తెలుస్తుంది? ఆ సంగతి అక్కడ ఒక్కరికీ తట్టలేదు. వరసగా మూడు రోజులు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పిల్ల చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోంది, తిన్నది కక్కుతోంది.

సరిగ్గా వారానికి, మళ్ళీ శుక్రవారం పొద్దున్నే గంప వచ్చింది.

"పరీక్ష చేయించావా అమ్మాయ్?"

అరుగు మీది ఆడవాళ్ళంతా లేచారు.

"మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వచ్చావే?"

"పిల్లని పడేసింది చాలదా?"

"నన్ను తర్వాత తిడుదురు గానీ, ముందు పిల్లని చూడనివ్వండి." ఆమె గుమ్మంలోకి అడుగు వేసింది.

చాంద్‌బీ గంప లాగి రోడ్డు మీదికి విసిరింది. రెండు చేతులతో ఆమెను తోసింది. తూలి ద్వారబంధం తగిలి ఆమె నుదురు చిట్లింది. ఆమె కొంగుతో నెత్తురు అదుముకుంది గానీ, చూపు మాత్రం మంచం మీది పిల్ల మీదే ఉంది.

"ఆ ఊపిరి చూడండమ్మా. ఈ పూటే తీసుకెళ్ళండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఎవరో మట్టిబెడ్డ విసిరారు. గంప కూడా ఏరుకోకుండా ఆమె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి నజ్మీన్ పిలిస్తే పలకడం మానేసింది.

అంబులెన్సులో గుంటూరు చేరేదాకా చాంద్‌బీ కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. పెద్దాసుపత్రిలో డాక్టర్ శ్రీరమ్య రక్తం తీయించి, చీటీ చూసి పిల్ల మంచం దగ్గరికి పరుగు పెట్టింది. నాలుగో రోజున గానీ పిల్ల కళ్ళు తెరవలేదు.

"షుగరు, ఇంత చిన్నపిల్లకి," అంది డాక్టరు. "వారం ముందు తెచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఇక రోజూ సూదులు తప్పవు. మెడ అలా నల్లబడటం దానికి గుర్తే, ముందే చూడలేదా?"

చూడకేం? రోజూ చూసింది. చూసి రుద్దింది.

ఇంటికొచ్చాక రోడ్డు పక్కన పడున్న పీచులన్నీ ఏరి, దుమ్ము దులిపి, గంపలో సర్దింది. ఒక శుక్రవారం చూసింది. ఇంకో శుక్రవారం షెడ్డు పని మానుకుని మరీ గుమ్మంలో కూర్చుంది. నాలుగు శుక్రవారాలు గడిచినా ఆ మనిషి రాలేదు.

చివరికి నజ్మీన్‌ని చూపించడానికి వెళ్తూ గంప కూడా ఆసుపత్రికి పట్టుకెళ్ళింది.

"ఈ గంప ఆవిడే చెప్పిందండి, మీ దగ్గరికి తీసుకెళ్ళమని. నేనే కొట్టి తరిమాను. ఎక్కడుంటుందో కనుక్కుందామని."

డాక్టరు గంపలోంచి ఒక పీచు తీసి చూసింది.

"బసవమ్మ. ఈ ఏడాది ఇలాంటి పిల్లల్ని ముగ్గుర్ని పంపింది. నెల నుంచి కనబడలేదు, ఏమైందా అనుకుంటున్నా."

"అమ్ముకోడానికి వచ్చి నాకు అమ్మనంది డాక్టరుగారూ. అందుకే అనుమానపడ్డాను."

డాక్టరు నజ్మీన్ మెడ వంక ఒకసారి చూసింది.

"మూడేళ్ళ క్రితం తన కూతుర్ని ఇక్కడికే తెచ్చింది, అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఆ పిల్ల మెడని తనూ రోజూ రుద్దేదట. ఆవిడ ఊరూరా తిరిగేది పీచులు అమ్మడానికి కాదమ్మా, మెడకి గట్టి పీచు కావాలని అడిగే తల్లి కోసం."