బక్కజీవం

"ఆ నవ్వు దాచవే పిల్లా! మాస్టారు చూశారంటే కొంప మునుగుతుంది," కంచె అవతల నుంచి అమ్మమ్మ గుసగుసలాడింది.

మనవరాలు పెదవి కొరుక్కుంది. బడి వెనక షెడ్డులో కాటా పెట్టారు. వ్యవసాయం నేర్పడానికని ఆరు నెలల కిందట తరగతిలో పదిహేను మందికీ తలా ఒక ఆడ గొర్రెపిల్లని ఇచ్చారు. ఇవాళ తూకం. ఆ తర్వాత కసాయి లారీ. లారీ అప్పుడే గేటు దగ్గరికి వచ్చేసింది.

"తొమ్మిదో నంబరు!"

మనవరాలు తన పిల్లని ఎత్తి కాటా మీద నిలబెట్టింది. ఎత్తితే ఆయాసం కూడా రాలేదు.

"పద్నాలుగు కిలోలు," మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏమ్మా, గొర్రెని పెంచమంటే పిల్లిని పెంచావా?"

అందరూ గొల్లుమన్నారు.

"రోజూ దాణా పెట్టావా?"

"పెట్టాను సార్."

"మరి ఆ తిన్నదంతా ఏమైపోయింది?"

మనవరాలు తల దించుకుంది. ఏమైపోయిందో అమ్మమ్మకి తెలుసు. సగానికి సగం ఎదురుగా ఉన్న పన్నెండో నంబరు తొట్టిలోకి పోయింది. ఆ ఉపాయం అమ్మమ్మదే. "నలభై ఏళ్లు గొర్రెలు కాశాను. బక్కజీవాన్ని ఏ కసాయీ ముట్టుకోడు. నీ పిల్ల బతకాలంటే దాని కడుపు మాడ్చు," అంది. అది ఖాళీ తొట్టి నాకి నాకి అరుస్తుంటే మనవరాలు చెవులు మూసుకుని ఏడ్చేది. రెండు నెలలు అలాగే గడిపింది.

"నీకు సున్నా మార్కులు."

"సరే సార్."

సున్నాకి అంత హుషారుగా తలూపిన పిల్లని మాస్టారు ఎప్పుడూ చూడలేదు.

"పన్నెండో నంబరు!"

అది వసపిట్టది. నోరు మూత పడదని ఆ అమ్మాయికి ఆ పేరు. గొర్రెని కాటా ఎక్కించడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

"ముప్పై ఒకటి! ఏం మేపావే దీన్ని?"

"నేనేం చేశాను సార్? నేను కబుర్లు చెబుతుంటే వేరే పనిలేక అదే తింటూ కూర్చుంటుంది."

మాస్టారు కూడా నవ్వారు. జేబులోంచి తొంగి చూస్తున్న ఎర్ర రిబ్బనుని లోపలికి తోశారు. మొదటి బహుమతి కాబోలు అనుకుంది మనవరాలు. ఎవరికిస్తే తనకేం?

కసాయి లోపలికి వచ్చి వరసగా ఒక్కోదాని వెన్ను తడిమి చూశాడు. తొమ్మిదో నంబరు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దీనికి కత్తి పెడితే కత్తికే సిగ్గు," అన్నాడు.

కంచె అవతల అమ్మమ్మ 'చూశావా' అన్నట్టు కళ్లెగరేసింది. మనవరాలు గొర్రెపిల్ల మెడ వాటేసుకుంది. "ఇంక నీకు రోజూ కడుపునిండా పెడతానే," అంది దాని చెవిలో. అది ఆమె చొక్కా గుండీ నమలబోయింది.

మాస్టారు చప్పట్లు కొట్టారు.

"పిల్లలూ, మీ దగ్గర ఒక మాట దాచాను. ముందే చెబితే పోటీలు పడి కుక్కి కుక్కి వాటి కడుపులు ఉబ్బించి చంపుతారని చెప్పలేదు."

రిబ్బను బయటికి తీసి పన్నెండో నంబరు మెడకి కట్టారు. వసపిట్ట నోరు మొదటిసారి మూతపడింది. అమ్మమ్మ కంచె తీగ గట్టిగా పట్టుకుంది.

"అన్నిటికన్నా బాగా ఎదిగిన ఈ పిల్ల కోతకి పోదు, మన మందలోనే ఉండి తల్లి అవుతుంది. మిగతా పద్నాలుగూ లావూ బక్కా అని ఏరకుండా గుత్తకి ఇచ్చేశాం. ఎక్కించవయ్యా, ఆ తొమ్మిదో నంబరుతో మొదలుపెట్టు!"