ఇత్తడి అంచు గాగుల్స్

“ఇవీ జారతాయి,” అంది ఆమె.

“పెట్టుకుని క్షణం కాలేదు. అప్పుడే జారతాయంటే ఎలా?” భర్త అద్దంలోంచే ఆమెను చూశాడు. నెత్తిన ఓపెన్ ఫేస్ హెల్మెట్, కళ్ళకి ఇత్తడి అంచుల గుండ్రటి గాగుల్స్. పాత ఫొటోల్లో విమానం నడిపేవాళ్ళు పెట్టుకునేలాంటివి.

“తల ఊపండి.”

ఊపాడు. గాగుల్స్ వెంట్రుకవాసి కిందికి దిగాయి. ఆమె వేలితో చూపించింది.

“పెళ్ళిచూపుల్లో మా ఆవిడ నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలేదమ్మా,” అన్నాడు కొట్టు పెద్దాయన. “చూసుంటే తప్పించుకునేవాణ్ణి.” పై అరలోంచి ఇంకో జత దించాడు. “ఇది చూడండి సార్. పాతకాలం తీరే, కానీ ఒకే పలక అద్దం. దూదిపింజలా తేలిగ్గా ఉంటుంది. చుట్టూ మెత్త ఉంది, గాలి దూరదు.”

అతను పెట్టుకున్నాడు. తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తాడు. తర్వాత కుడివైపు తిప్పాడు.

“పై అంచు అడ్డు రావడం లేదు. కుడి మూల కూడా కనిపిస్తోంది.”

“పైకి చూడాలా? కొండ ఎక్కే రోడ్డా?”

“దారంతా ఎక్కడమే.”

“కుడిపక్క లోయ గానీ ఉందా?”

“లోయ లేదు. జనం ఉంటారు.”

“జనం ఉన్నచోట నిదానంగా పోవాలి సార్.”

“నిదానిస్తే పడతాను.”

పెద్దాయన పకపకా నవ్వాడు. “మా చిన్నవాడిదీ ఇదే మాట. బండెక్కితే వాడికి నేల ఆనదు.”

భర్త నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“ఎదురొచ్చే లైట్లు కళ్ళలో కొడతాయనుకుంటే పసుపు అద్దం వేస్తాను.”

“నాకెవరూ ఎదురు రారు.”

“అదృష్టవంతులు! ఈ వీధిలో నడిచేవాడికి కూడా నలుగురు ఎదురొస్తారు.”

“ఇవే ఇచ్చేయండి,” అంది ఆమె.

కానీ అతను వాటిని తీసి కౌంటరు మీద పెట్టాడు. చెయ్యి మళ్ళీ ఇత్తడి జత వైపే వెళ్ళింది. “ఓనరు ఒప్పుకోడు.”

“ఓనరుకేం పని సార్? కళ్ళు మీవి కదా.”

“మేం పనిచేసే చోట బయట పెద్ద బోర్డుంది. దాని మీద బండి నడిపేవాడి బొమ్మ. ఇదే రకం హెల్మెట్, ఇలాంటి గాగుల్సే. నేను ఆ బొమ్మలా ఉండాలి.”

“ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకుంటే ఏ గొడవా లేదుగా.”

“ముఖం కనబడాలట. భయం లేనట్టు ఉండాలట.”

“బాగుంది వరస. ఆ బొమ్మ మీదేనా?”

“మా బావమరిదిది.”

“ఆయన మానేశాడా?”

ఆమె మెత్తటి గుడ్డ అందుకుని తేలిక జత అద్దం తుడవసాగింది. దాని మీద మరకేమీ లేదు.

“మా తమ్ముడు,” అంది చివరికి. “నిరుడు పోయాడు. ఈ పనిలోనే. గాగుల్స్ కళ్ళ మీంచి జారాయి. సర్దుకుందామని ఒక చెయ్యి తీశాడు.”

పెద్దాయన గొంతు తగ్గింది. “వేరే దారిలో పంపమని అడగచ్చు కదా సార్?”

“ఉన్నది ఒకటే దారి.”

“పోనీ, వేరే పని?”

“వాడి భార్యా ఇద్దరు పిల్లలూ మా దగ్గరే ఉన్నారు. నాకు చేతనైంది ఇదొక్కటే.”

“మీరేం చేస్తారమ్మా?”

“నేనూ అక్కడే. గేటు దగ్గర. ఈయన బండి చప్పుడు ఆగేదాకా కూర్చుంటాను.”

“తిరిగొచ్చేదాకా అన్నమాట.”

“అంతే.”

ఆమె భర్త వైపు తిరిగింది. “ఆ బోర్డు చెరిపి వేరే బొమ్మ వేయించమని ఎన్నిసార్లు చెప్పాను! ఇప్పుడు మిమ్మల్ని కూడా వాడిలా నేనే తయారు చెయ్యాలా?”

“నేను తయారవకపోతే ఇంకొకడు అవుతాడు.”

“అవనీండి.”

“అప్పుడు పిల్లల కంచాల్లోకి ఏం వడ్డిస్తావు?”

ఆమె తేలిక జతను తిరిగి డబ్బాలో పెట్టి, మూత మూసింది. మూత సరిగా పడకపోతే మళ్ళీ తీసి మూసింది.

పెద్దాయన ఎవరినీ ఏమీ అడగకుండా హెల్మెట్ వెనక ఒక తోలు పట్టీ బిగించాడు. ఇత్తడి గాగుల్స్ సాగుడు పట్టీని దాని కిందుగా పోనిచ్చి బొత్తం నొక్కాడు. “బరువు నేను తగ్గించలేనమ్మా. పట్టు బిగించగలను, అంతే.”

ఇద్దరూ ఒకే బండి మీద పనికి బయల్దేరారు. దారిలో దుమ్ము రేగింది. అతను గాగుల్స్ పెట్టుకోలేదు. బొత్తం విప్పి మెడకు వేలాడదీసుకున్నాడు. వెనక కూర్చున్న ఆమె, ప్రతి కుదుపుకీ అవి అతని గుండెకి కొట్టుకోవడం వింటూ వచ్చింది.

గేటు ముందు ఆమె దిగింది. అతను గాగుల్స్ పైకి లాక్కున్నాడు. ఆమె హెల్మెట్ వెనక బొత్తం నొక్కి, రెండు చేతులతో పట్టీని ఇంకొంచెం బిగించింది.

“నొప్పిగా ఉంది.”

“ఉండనీండి.”

“రేపు ఓనరుతో మాట్లాడతాను. తేలికవి పెట్టుకోనిమ్మని.”

“నిన్న కూడా రేపే అన్నారు.”

“ఈసారి నిజంగా.”

“సరే. చేతులు మాత్రం తియ్యకండి. ఏమైనా సరే, తియ్యకండి.”

అతను తలూపాడు. గాగుల్స్ కదల్లేదు. ఆ ఒక్కదానికీ ఆమె ముఖం కాస్త తేటపడింది. అది చూసి అతను బండి ముందుకు పోనిచ్చాడు.

ఎగ్జిబిషన్‌లో నిలువు చెక్కగోడల మీద బండి తిప్పే మృత్యుకూపం తలుపుకి ఆమె బయటి నుంచి గడియ పెట్టింది.