దూలం కింద చోటు

కోడలు స్టూలెక్కి పొడిచిన స్క్రూడ్రైవర్ దూలంలోకి పిడి దాకా దిగిపోయింది. పైన రంగు నిగనిగలాడుతోంది. లోపల చెక్క తడిపిండిలా రాలింది.

"పుచ్చిపోయింది అత్తయ్యా! మీ నెత్తిమీదే కూలేలా ఉంది, లేవండి!"

"కాళ్లు సహకరిస్తే మంచానికెందుకు అతుక్కుంటానే? వానల్లో పుట్టగొడుగుల వాసన వచ్చినప్పుడే చెప్పాను. ముసలిదాని చాదస్తమంటూ మీ ఆయన తడి మీదే ఇంకో పూత రంగేశాడు."

కోడలి చేయి ఆగిపోయింది. ఉన్నది ఒక్కటే గది. ఆ వానల్లోనే అత్తగారు ఈ దూలం కింద పడుకునే మనవరాలిని లేపి, ఈ చోటు తనకే కావాలని పంతం పట్టింది. పసిదానితో వంతులేమిటని తను నెలంతా ముఖం మాడ్చుకుంది.

"అందుకేనా అత్తయ్యా..."

"ముందు పాపను బయటికి పంపవే!"

కోడలు పాపను గుమ్మం దాటించి, పరుగున వెనక్కొచ్చి మంచం ముందు వంగింది.

"ఎక్కండి. నా వీపింకా పుచ్చలేదు."