చేతుల్లేని కుర్చీ

క్రితం నెల నేను చేసిచ్చిన ఊగుడు కుర్చీని వీపున మోసుకుంటూ బాలింత డెల్ఫీ, కొండెక్కి మా వడ్రంగి షెడ్డుకి వచ్చింది.

"దీనికి చేతులు బిగించు, హోబర్ట్ బాబాయ్."

నాకు ఒళ్లు మండింది. మోచేతులకు అడ్డొస్తాయని మా కెంటకీ కొండల్లో పాలిచ్చే తల్లి కుర్చీకి చేతులు పెట్టం.

"చేతుల్లేకుండా చెయ్యమని నా ప్రాణం తీసింది నువ్వే కదే! ఒక్క మేకు కొట్టకుండా బిగించాను. ఇప్పుడు ఆ కర్రకి కన్నాలు పొడవమంటావా?"

"పొడువు."

"రేపు మోచేతులు కొట్టుకుంటే నన్ను తిట్టుకోకు మరి. ఇంతకీ పాపేది? ఎవరి దగ్గర వదిలొచ్చావు?"

ఆమె గౌను ముందు భాగం పాలతో తడిసి ఉంది. కుర్చీని నా ముందుకు జరిపింది.

"ఇంక మోచేతులకు అడ్డం రావులే బాబాయ్. ఊగేటప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."