ఉడుతవ్వ వాటా

ఒక అడవిలో జంతువులు నెలనెలా తలా దోసెడు గింజలు ఎలుగుబంటి వైద్యుడి గాదెలో పోసేవి. ఎవరికి జబ్బు చేసినా ఆ గింజలతోనే వైద్యం జరిగేది. ముసలివాళ్లనీ, పాత రోగాలున్నవాళ్లనీ కూడా చేర్చుకోవాలని మృగరాజు కొత్తగా ఆజ్ఞ వేశాడు. మంచి ఆజ్ఞే, కానీ వాటా మూడు దోసిళ్లయింది.

"నాకు తుమ్ము కూడా రాదు. నా పేరు కొట్టెయ్యండి," అంది పడుచు కుందేలు వైద్యుడితో.

వెనకే దగ్గుతూ ముసలి ఉడుత వచ్చింది. "నాదీ కొట్టెయ్యి నాయనా. రెండు దోసిళ్లకి మించి నావల్ల కాదు."

"పన్నెండేళ్లుగా పోస్తున్నావు. ఒక్క మందూ తీసుకోలేదు కదా అవ్వా," అన్నాడు ఎలుగు.

"ఊరికే పోలేదులే. ఈ కుందేలు పుట్టేటప్పుడు దీని తల్లికి కాన్పు కష్టమై గాదె సగం ఖాళీ అయింది. తల్లీబిడ్డా బతికారని విన్నాక నాకు కడుపు నిండిపోయింది."

కుందేలు అవ్వ పక్కకి జరిగి నిలబడింది. తర్వాత, "నా పేరు ఉండనివ్వండి, అవ్వ పేరు కూడా. తక్కువైన దోసెడు నెలనెలా నేను పోస్తాను," అంది.

ఉడుత వద్దంది. కుందేలు వినలేదు. వైద్యుడిచ్చిన కషాయం ముంత అందుకుని అవ్వతో బయల్దేరింది. ఆమె రెండడుగులకోసారి ఆగి దగ్గుతోంది. కుందేలు దారంతా ఒక్క గెంతు కూడా వెయ్యకుండా పక్కనే నడిచింది.