హద్దుకి కాస్త తక్కువ

సంచి మూతి విప్పి కసుబా మట్టిని వాకిట్లో కుమ్మరించింది. దుమ్ము లేవకముందే దానిమీద నీళ్లు చల్లింది. ముక్కుకి చితెంగె గుడ్డ బిగించి కట్టుకుంది. కాళ్లకి పాలిథిన్ సంచులు చుట్టుకుంది.

పక్కింటి నకాంబా దడి మీదుగా తొంగి చూసింది.

"ఏం లుబుటో వాళ్లమ్మా, సర్కారోళ్లు రాకముందే నువ్వే మొదలెట్టేశావా?"

"రేపు కొలవడానికి వస్తారుగా అక్కా. చదును చేస్తున్నా."

"అందుకే చెప్తున్నా. మంచి మట్టి పోశావంటే మిషను సీసం ఇంకా తక్కువ చూపిస్తుంది. మొన్నే హద్దు దాకా వచ్చి ఆగిపోయింది నీది. తర్వాత నువ్వు ఎంత ఏడ్చినా ఒక్క పార కూడా ఈ వాకిట్లోకి రాదు."

"చూద్దాంలే."

"చూద్దామంట. ఎక్కడ కొన్నావ్?"

"కొనలేదు. మోసుకొచ్చా."

"నడుం పడిపోతుంది, పిచ్చిదానా. నీ మొగుడొచ్చి నన్నడుగుతాడు, దగ్గరుండి ఏం చూశావని."

కసుబా నవ్వింది. చీపురు తిరగేసి, కొత్త మట్టిని పాతదానిలో కలిసేలా సర్దింది.

ఆమె పుట్టకముందే ఆ కాబ్వే ఊళ్లో సీసం గని మూతపడింది. గని వాళ్లు పోయారు గానీ, తవ్విపోసిన గుట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు. గాలి వీచిన రోజున దాని దుమ్ము తినే న్షిమా ముద్ద మీద కూడా వాలుతుంది. ఇన్నాళ్లకి ప్రభుత్వం కదిలింది. చెడిన వాకిళ్లలో పైమట్టి గీకి తీసుకుపోయి, బయటినుంచి తెచ్చిన మంచి మట్టి పోసి, గడ్డి నాటిస్తారు. అందరికీ చేసేంత డబ్బు లేదు కాబట్టి మట్టిలో సీసానికి ఒక హద్దు పెట్టారు. హద్దు దాటిన ఇళ్లకి మట్టి మారుస్తారు. దాటని ఇళ్లకి, చేతులు కడుక్కోమని బొమ్మలేసిన కాగితం ఇస్తారు.

కసుబాకీ నకాంబాకీ కాగితాలే వచ్చాయి. "అదృష్టవంతులమ్మా మీరు" అన్నాడు కొలిచిన సితాలీ సారు.

కానీ కసుబా కొడుకు లుబుటో రక్తం ఆ హద్దులో ఉండలేదు. రెండేళ్లు దాటినా వాడికి రెండు మాటలు రాలేదు. సీసం బాగా ఎక్కువైందని, పిల్లాణ్ణి మట్టి ముట్టనివ్వద్దని నర్సమ్మ చెప్పింది. అన్నం గిన్నె వదిలేసి నేల నాకే వయసు వాడిది. కసుబా ఆఫీసుకి పరిగెత్తింది.

"మా వాడి ఒంట్లో హద్దు దాటిందట సార్."

"అది ఆస్పత్రి లెక్కమ్మా. మాది నేల లెక్క" అన్నాడు సితాలీ. మనిషి చెడ్డవాడు కాదు. ఆమె అక్కణ్ణుంచి కదలకపోతే, "సరే, ఇంకోసారి కొలుస్తాను. అంతకంటే నా చేతిలో లేదు" అన్నాడు.

ఆ వారమే ఆమె లుబుటోని ముకుషీ ఊళ్లో ఉన్న తన తల్లి దగ్గర దింపి వచ్చింది. మెడ పట్టుకుని వదలని వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసుకుంటూ, "వాకిట్లో మట్టి మార్చేదాకా తీసుకురావద్దమ్మా, నేను ఏడ్చినా సరే" అని చెప్పింది.

మట్టి పోసిన మర్నాడు సితాలీ వచ్చాడు. తుపాకీలాంటి మిషను నేలకి ఆనించి నొక్కాడు. గుమ్మం దగ్గర ఒకసారి, పొయ్యి దగ్గర ఒకసారి. దడి అవతల నకాంబా బిడ్డను వీపున కట్టుకుని నిలబడి చూస్తోంది. సితాలీ మిషనుని తుడిచి మళ్లీ నొక్కాడు.

"మొన్న ఇంత లేదే" అన్నాడు.

కసుబా చీపురుని గోడవారకి జరిపింది.

"గాలికి వచ్చి పడుంటుంది" తనకు తానే సర్దిచెప్పుకున్నాడతను. "ఇలాంటి చోట పసివాణ్ణి ఉంచకండమ్మా."

"వాడు ఊళ్లో లేడు సార్."

"మంచి పని చేశారు. సోమవారం మనుషులొస్తారు." గుమ్మం పక్కన ఎర్రరంగుతో గుర్తు వేశాడు.

"ఎంత లోతు తీస్తారు సార్?"

"జానెడు."

"పైమట్టి మొత్తం పోతుందా? చెంచాడు కూడా మిగలదుగా?"

"మిగలదమ్మా. తొలిచూలు తల్లులంతా ఇంతే, అన్నిటికీ అనుమానమే."

అతను వెళ్లాక కసుబా గుమ్మంలో కూర్చుని మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. తుడుచుకుని మళ్లీ కడుక్కుంది.

నకాంబా దడి దగ్గర నిలబడకుండా చుట్టూ తిరిగి లోపలికి వచ్చింది. ఎప్పుడూ లేనిది, వస్తూనే ఎగతాళి చెయ్యలేదు. ఎర్ర గుర్తు వైపు చూసింది. నిన్న చదును చేసిన నేలను చాలాసేపు చూసింది.

"ముతాలెకి రాత్రి మళ్లీ కడుపునొప్పి" అంది వీపున బిడ్డను తడుతూ.

"నీళ్లు తాగించావా అక్కా?"

"తాగించా. నాక్కూడా ఇంకోసారి కొలుస్తాడంటావా ఆ సారు?"

"అడిగితే కొలుస్తాడు. కదలకుండా కూర్చోవాలి."

నకాంబా వీపున జారుతున్న బిడ్డను పైకి సర్దుకుంది. వీధిలోకి ఒకసారి చూసి, కసుబా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"నాకూ ఆ గనిగుట్ట మట్టి రెండు సంచులు కావాలి."