చూసి కూడా వెయ్యని బంతి

"కళ్ళు కనబడట్లేదురా నీకు?"

గ్లెన్ లేచి నిలబడి అరిచాడు. ఆ ఊపుకి చేతిలోని పాప్‌కార్న్ ముందు వరుసవాళ్ళ నెత్తిన పడింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. వాళ్ళు కూడా అదే మాట అరుస్తున్నారు మరి.

మైదానం మధ్యలో గ్లెన్ కొడుకు లూక్ ఒంటరిగా ఉన్నాడు. చుట్టుపక్కల అవతలి జట్టువాడు ఒక్కడూ లేడు. అయినా జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రెమీ దాన్ని గీత అవతలికి, ఎవరికీ అందకుండా విసిరేశాడు.

"ఇది మూడోసారి," అన్నాడు గ్లెన్.

"నాలుగోసారి," అంది పక్కనున్న మార్జ్. ఊళ్ళో సగంమందికి జుట్టు కత్తిరించేది ఆవిడే. మిగతా సగంమంది సంగతులు కూడా ఆవిడకి తెలుసు.

ఒహాయో నది ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో, స్కూలు జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే శనివారం మధ్యాహ్నం ప్రతివాడూ కోచే. బంతి ఎవరికి వెయ్యాలో మెట్ల మీద కూర్చున్న ఎనిమిది వందల మందికీ తెలుసు. దాన్ని చేత్తో పట్టుకున్నవాడికి తప్ప.

పైగా రెమీ ఆ ఊరివాడు కాదు. ఆగస్టులో తల్లితో లూసియానా నుంచి వచ్చి దిగాడు. వచ్చీ రాగానే ఊరి కుర్రాడు కిప్‌ని మైదానం పక్కన బెంచీకి పంపి ఆ స్థానం కొట్టేశాడు. ఊరికి ఆ సంగతి ఇంకా మింగుడుపడలేదు.

గ్లెన్‌కి కూర్చోబుద్ధి కావడం లేదు. కింద మూడో వరుసలో కాలేజీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఉన్నాడు. లూక్‌ని చూడడానికే వచ్చాడు. ఆయనకి నచ్చితే నాలుగేళ్ళ చదువు ఉచితం. నచ్చకపోతే తండ్రిలాగే గోదాములో పెట్టెలు మొయ్యాలి. మొదటి సగంలో లూక్ రెండు బంతులు బ్రహ్మాండంగా పట్టాడు. విరామం తరువాత మాత్రం అతని దగ్గరికి ఒక్క బంతీ రాలేదు.

మళ్ళీ ఆట మొదలైంది. ఈసారి అందరూ చూశారు. రెమీ తల తిప్పి నేరుగా లూక్ వైపే చూశాడు. లూక్ చెయ్యెత్తాడు. రెమీ చూపు తిప్పుకుని, బంతిని పొట్టకి అదుముకుని తనే ముందుకి ఉరికాడు. నలుగురు మీదపడి అతన్ని నేలకేసి కొట్టారు.

"చూశాడు!" గ్లెన్ గొంతు జీరపోయింది. "చూసి కూడా వెయ్యలేదు!"

"కళ్ళు కనబడక కాదయ్యా, కడుపుమంట," అంది మార్జ్. "ఆ కాలేజీ ఆయన తననే చూడాలని."

రెమీ లేచి కుంటుకుంటూ లూక్ దగ్గరికి వెళ్ళాడు. ఏదో అంటూ బెంచీ వైపు చెయ్యి చూపించాడు. లూక్ తల అడ్డంగా ఊపాడు. రెమీ అతని భుజం పట్టుకుంటే లూక్ తోసేశాడు.

"నా కొడుకుని బయటికి పొమ్మంటున్నాడే! వీడెవడు చెప్పడానికి?"

"నా చెవిలో అరిస్తే ఏం లాభం గ్లెన్? వినాల్సినవాడికి వినబడేలా అరువు."

గ్లెన్ తన సీటు ఎక్కి నిలబడ్డాడు.

"కిప్! కిప్! కిప్!"

మార్జ్ అందుకుంది. ఆ తరువాత వెనక వరుస. నిమిషంలో ఎనిమిది వందల గొంతులు ఒక్కటయ్యాయి. కాళ్ళ తాకిడికి ఇనుప మెట్లు దడదడలాడాయి.

కోచ్ రెండుసార్లు వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. మూడోసారి చూశాక రెమీని బయటికి పిలిచాడు.

రెమీ హెల్మెట్ తీసి, కోచ్ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. కోచ్ విసుగ్గా విదిలించుకున్నాడు.

"బతిమాలుకుంటున్నాడు," అని గ్లెన్ ఆ పూట మొదటిసారి నవ్వాడు. మళ్ళీ గొంతెత్తాడు.

కిప్ లోపలికి వచ్చాడు. అటూ ఇటూ చూసే పని పెట్టుకోలేదు. బంతి అందగానే మైదానం మధ్యకి, లూక్ మీదికి బలంగా విసిరాడు.

లూక్ పట్టాడు!

గ్లెన్ మార్జ్‌ని కావలించుకున్నాడు. కాలేజీ ఆయన ముఖంలో ఏముందో చూద్దామని కిందికి తొంగిచూశాడు. సరిగ్గా అప్పుడే మైదానంలో దభీమని చప్పుడైంది. మెట్ల మీద ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి.

అవతలివాడు ఎదురుగా పరిగెత్తుకొస్తున్నా లూక్ పక్కకి తప్పుకోలేదట. వాడినే చూస్తూ అలా నిలబడిపోయాడట. పడ్డవాడు లేవలేదు.

గ్లెన్ కంచె దూకి వెళ్ళేసరికి జట్టు డాక్టరు లూక్ కళ్ళలోకి లైటు వేసి చూస్తోంది.

"లూక్! నేనురా, నాన్నని. వినబడుతోందా?"

లూక్ మెల్లగా తలతిప్పాడు.

"నాన్నా, ఆట ఎప్పుడు మొదలవుతుంది?"

గ్లెన్ డాక్టరు వైపు తిరిగాడు.

"ఇది ఈ ఒక్క దెబ్బ కాదు," అంది డాక్టరు. "ఇందాకే తలకి తగిలుండాలి. దానిమీద ఇంకోటి పడకూడదు. ఇంతమందిలో ఎవరూ గమనించలేదా?"

లూక్‌ని స్ట్రెచర్ మీద అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు.

"విరామానికి ముందు పడ్డప్పుడండీ," అన్నాడు రెమీ వెనకనుంచి. "లేచి, ఇది ఏ ఊరని నన్నడిగాడు. బయటికెళ్ళమంటే వినలేదు. కాలేజీ ఆయన వెళ్ళిపోయేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. బంతి పట్టినవాడి మీదే కదా అందరూ పడతారు, అందుకని వాడికి బంతే వెయ్యలేదు."

గ్లెన్ అతని జెర్సీ పట్టుకుని గుంజాడు.

"తెలిసి నోరు మూసుకున్నావా? కోచ్‌కి చెప్పాలని తెలీదా నీకు?"

రెమీ కళ్ళనిండా నీళ్ళు. అయినా ఆ చేతుల్ని వదిలించుకోలేదు.

"నన్ను బయటికి పిలవగానే ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పాను సార్. మీ అందరి కేకల్లో ఆయనకి వినబడలేదు."